ఎడమ అంచున మనిషి

పోయిన వారం కినుయేని 'చిదోరి మారు' పడవ చుక్కాని దగ్గర నిలబెట్టి వచ్చేశాం. పాపం, అక్కణ్ణుంచి ఆవిడ కదల్లేదు. కదలడానికి వీల్లేదు కూడా. వంతెన అడుగున వేలాడే పరంజా మీద పన్నెండు మంది రంగు కొడుతున్నంతసేపూ కింద నీళ్ళలో కాపలా పడవ ఉండి తీరాలి. పైనుంచి ఎవరైనా పడితే ఒకటిన్నర నిమిషంలో చేరుకుని లాగెయ్యాలి. ఆ జలసంధిలో నీటి జోరు అలాంటిది. అంతకు మించి ఆలస్యమైందా, ఆ తరవాత చేసేది కాపలా కాదు, గాలింపు.

మూడు వారాల కిందట నగాతా రియోహేయ్ అనే ఇరవై తొమ్మిదేళ్ళ రంగుల పనివాడు కాలు జారి పడ్డాడని అందరూ అనుకున్నారు. అతణ్ణి నీళ్ళలోంచి తీసేసరికి అయిదు నిమిషాలు దాటింది. బతికాడు గానీ మనిషి మనిషిలో లేడు. "కునుకు పట్టింది, పడడం చూళ్ళేదు" అని తప్పంతా నెత్తిన వేసుకున్నాడు పడవ ముందు కూర్చుని కాపు చూసే ముసలాయన షోకిచి. ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంటకి జాలర్ల సంఘం ఆఫీసులో ఆయన కాపు గుర్తుగా కట్టుకునే తన పసుపు చేతిపట్టీ తిరిగి ఇచ్చెయ్యాలి. ఇక బతికుండగా ఏ పడవ మీదా కాపు చూడకూడదు. ఆయన కునుకు తియ్యలేదని ఆయన కాక తెలిసిన మనిషి లోకంలో ఒక్కర్తే ఉంది. ఆ ఒక్కర్తీ మూడు వారాలుగా నోరు మెదపలేదు.

"ఏంటలా చూస్తావ్? ఆటుపోట్ల పట్టిక నా మొహాన గానీ అచ్చేశారా?" అన్నాడు షోకిచి వెనక్కి తిరక్కుండానే.

"నేనెక్కడ చూశాను? మీరు నీళ్ళవైపు చూడండి బావగారూ."

"చూస్తూనే ఉన్నాలే. రేపట్నుంచి ఇంట్లో కూర్చుని మా ఆవిడ మొహం చూడాలి. నీళ్ళే నయం, ఎంతసేపు చూసినా తిరిగి తిట్టవు."

కినుయే నవ్వబోయింది, నవ్వు రాలేదు. షోకిచి ఆవిడ చనిపోయిన భర్త యసుకిచికి అన్న. డెబ్బై ఒకటి నిండాయి. కుడి చేతి రెండు వేళ్ళకి ఇంకా పట్టీలున్నాయి. అడిగినవాళ్ళకల్లా తాడు చుట్టే చక్రంలో పడి నలిగాయని చెబుతున్నాడు. అవి ఎలా నలిగాయో కూడా కినుయేకి తెలుసు. అందుకే ఆ చేతివైపు చూడ్డం మానేసి చాలా రోజులైంది.

పదింటికి పైన టీ గంట కొట్టారు. పన్నెండు మందీ పరంజా మీదే చతికిలబడి సీసాలు తీశారు. కాపలా పడవకి టీ విరామం లేదు. టీ సీసాలు మోసుకొచ్చే చిన్న మోటారు బోటు వంతెన స్తంభం చుట్టూ తిరిగి చిదోరి మారు పక్కకి వచ్చింది. అందులోంచి ఒక అమ్మాయి, తనకి రెండింతలున్న లైఫ్ జాకెట్ తొడుక్కుని, గుడ్డలో మూటగట్టిన పెట్టె గుండెలకి హత్తుకుని, తడబడుతూ ఈ పడవలోకి ఎక్కింది.

"ఆఫీసులో అడిగే వచ్చాను. అరగంట ఉండొచ్చన్నారు. నా పేరు మిచిరు. నగాతా రియోహేయ్ భార్యని."

కినుయే చేతులు చుక్కాని మీద బిగుసుకుపోయాయి.

మిచిరు పడవ బల్ల మీద మోకాళ్ళూని, పెట్టె ముందుకు జరిపి, నుదురు బల్లకి ఆనేదాకా వంగింది. "నా భర్త ప్రాణం నిలబెట్టింది మీరేనట. ఆసుపత్రి వదిలి రాలేక ఇన్నాళ్ళూ రాలేదు. క్షమించాలి. పూర్ణం బిళ్ళలు, మా ఊళ్ళో బాగా చేస్తారు."

"లే తల్లీ, లే. పడవ ఊగుతోంది, పడతావు" అంది కినుయే.

మిచిరు లేచింది. చూపు షోకిచి చేతికున్న పసుపు పట్టీ మీద పడింది. ఆ క్షణం దాకా మంచు ముద్దలా ఉన్న పిల్ల మొహం మారిపోయింది.

"మీరేనా నిద్రపోయింది?"

"నేనేనమ్మా."

"బాగా పట్టిందా?"

ఎప్పుడూ మాటకి మాట అప్పగించే షోకిచి తల దించుకున్నాడు. "పట్టింది" అన్నాడు.

"మా ఆయన పైన నిలబడింది మీరు కింద ఉన్నారన్న ధైర్యంతోనే కదండీ. 'భయమెందుకే, కింద పడవుంది' అని రోజూ నాకు చెప్పి వెళ్ళేవాడు. నిద్ర ఆపుకోలేని వయసులో ఇంట్లో కూర్చోవచ్చుగా!"

"కూర్చుంటాను తల్లీ. ఇవాళ్టితో కూర్చుంటాను."

ఆ తిట్లు ఒక్కొక్కటీ వచ్చి కినుయే వీపున తగులుతున్నాయి. మొహం తిప్పుకుని నీళ్ళవైపే చూస్తూ, "ఎలా ఉన్నాడమ్మా ఇప్పుడు?" అని అడిగింది. అడక్కుండా ఉంటే బాగుండేది. కానీ అడగని మనిషి ఎవరుంటారు!

మిచిరు చల్లబడిన గొంతుతో చెప్పుకొచ్చింది. "పది రోజుల కిందట కళ్ళు తెరిచాడు. మాట ముద్దగా వస్తోంది గానీ వస్తోంది. నడక కూడా వస్తుందన్నారు. అది కాదండీ నా భయం. కళ్ళు తెరిచిన దగ్గర్నుంచీ ఒకటే పాట. 'పడవ వచ్చింది మిచిరూ. నా పక్కకే వచ్చింది. తెల్ల తువ్వాలు కట్టుకున్న ఆవిడ నన్ను చూసింది. నేనూ చూశాను. పడవ వీపు తిప్పి వెళ్ళిపోయింది' అంటాడు."

కినుయే చెయ్యి తెలియకుండానే తలకి కట్టుకున్న తువ్వాలు మీదికి పోయింది. మిచిరు గమనించలేదు. ఆ పిల్ల కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి.

"డాక్టర్లు భ్రమ అన్నారు. గాలి అందక మెదడు కల్పించుకుందట. కంపెనీ వాళ్ళూ వచ్చి విని, తలాడించి, అదే రాసుకుపోయారు. నేను కూడా చంటివాడికి చెప్పినట్టు, 'అలాంటిదేం లేదు, ఊరుకో' అన్నాను. దాంతో ఏమైందో తెలుసా అండీ? అంత స్పష్టంగా చూసిందే అబద్ధమైతే ఇంక నిజమేదని పట్టుకున్నాడు. పొద్దున్నే నన్ను చూసి, 'నువ్వు నిజంగా మిచిరువేనా? మనిద్దరికే తెలిసిన మాట ఒకటి చెప్పు' అంటాడు. రోజుకొకటి చెబుతున్నాను. చెప్పాక ఒక గంట నమ్ముతాడు. మళ్ళీ మొదలు. పెళ్ళయి రెండేళ్ళేనండీ మాకు. ఎన్ని మాటలుంటాయి చెప్పడానికి? ఇంకో నెలకి అన్నీ అయిపోతాయి."

అయ్యో, ఆ మాట విన్నాక ఇంకేం మిగిలింది దాచుకోవడానికి! అయినా మనిషి నోరు అంత తొందరగా తెరుచుకోదు. కినుయే పెదవులు కదిపింది. అది కనిపెట్టాడు షోకిచి.

"కినుయే! స్తంభం పక్క సుడి చూడు. పడవ జరుగుతోంది, ఇంజను పెంచు" అని గద్దించాడు. పడవ ఎక్కడా జరగడం లేదు.

"చాలు బావగారూ."

"నోరుముయ్. నేను ముసలాణ్ణి, ఎలాగూ ఇంటికి పోయేవాణ్ణి. ఉన్న ఒక్క పడవా నీ చేతిలోంచి పోతే ఏం చేస్తావ్? గాలి తింటావా?"

"చాలన్నాను కదా. మీ తమ్ముడి మీద ఒట్టు, ఇంకో మాట అడ్డం రాకండి."

మిచిరు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. కినుయే చుక్కాని వదల్లేదు. కళ్ళు నీళ్ళ మీంచి తిప్పలేదు. అలాగే, వీపు ఆ పిల్లవైపు పెట్టి మొదలుపెట్టింది.

"మీ ఆయనది భ్రమ కాదమ్మా. తెల్ల తువ్వాలు ఆడది నేనే."

వెనక పడవ బల్ల కిర్రుమంది.

"నీది లోపలి ఊరు, నీకు తెలీదు. మా వైపు ఒక పద్ధతుంది. సముద్రంలో శవం కనబడితే ఎవరిదైనా సరే వదిలి రాం. పడవలోకి ఎడమ అంచు మీంచే ఎక్కిస్తాం, కుడి అంచు మీంచి దింపుతాం. బతికున్న మనిషిని మాత్రం ఎడమ అంచు మీంచి ఎక్కించం. పోయినవాళ్ళ దారిన రప్పిస్తే పోయినవాళ్ళతోనే పోతాడంటారు. ఆరేళ్ళ కిందట నా మొగుడు ఆక్టోపస్‌లు పట్టే కుండలు సముద్రంలోంచి తియ్యడానికి పోయి తిరిగి రాలేదు. మూడోరోజున బావగారూ నేనూ కలిసి ఈ పడవలోకే, ఇదిగో ఈ ఎడమ అంచు మీంచే పైకి లాగాం. ఆ రోజు నుంచీ ఈ పక్కనుంచి ఒక్క చేపని కూడా ఎక్కించలేదు నేను. వల లాగినా కుడివైపే. కూరల బుట్ట అందుకున్నా కుడివైపే."

కినుయే చుక్కాని సరిచేసుకుని మళ్ళీ ఎత్తుకుంది.

"ఆ రోజు నీళ్ళలో చప్పుడు వినబడీ వినబడగానే కదిలాం. పరంజా అడుగున తెర అడ్డం, పైవాళ్ళకి మేం కనబడలేదు. నిమిషం కూడా పట్టలేదు. మీ ఆయన పక్కకి వెళ్ళాం. ఎడమ పక్కకి. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తున్నాడు. బావగారు అంచు మీద బోర్లా పడుకుని చెయ్యి చాపారు, జాకెట్ మెడ దగ్గర పట్టు కూడా దొరికింది. 'పట్టాను' అని అరిచారు. నాకేమో అక్కడ మీ ఆయన కనబడలేదు తల్లీ. నా మొగుడు కనబడ్డాడు. ఈ పక్కనుంచి ఎక్కిస్తే ఈ కుర్రాడూ పోతాడు, ఇంకేం లేదు, అదొక్కటే. చుక్కాని తిప్పేశాను. కుడి పక్కకి తెచ్చుకుందామని. ఆయన చేతిలోంచి జాకెట్ జారిపోయింది. ఆ వేళ్ళు అప్పుడు నలిగినవే. పడవ చుట్టు తిరిగి వచ్చేసరికి ఆటు జోరు మీ ఆయన్ని స్తంభం వెనక్కి లాక్కుపోయింది."

షోకిచి తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"చంపాలని కాదమ్మా. బతకాలనే తిప్పాను" అంది కినుయే. అని, తనకే సిగ్గేసి, "అలా అన్నంత మాత్రాన ఏమీ తగ్గదు, తెలుసు" అంది.

మిచిరు కూలబడిపోయింది. మొదట ఆ పిల్ల గొంతులోంచి వచ్చింది ఏడుపో నవ్వో తెలియలేదు. "నిజమే. ఆయన అన్నది నిజమే" అని రెండుసార్లు అంది. తరవాత ఒక్కసారిగా లేచి అరిచింది.

"పది రోజులండీ! పది రోజులు నా మొగుణ్ణి పిచ్చివాడన్నాను! నా నోటితో నేనే! ఆ ముసలాయన్ని ఇందాక ఎన్నేసి మాటలన్నాను! మీ నోట్లో ఏం పెట్టుకుని కూర్చున్నారు ఇన్నాళ్ళూ?"

"భయం పెట్టుకుని కూర్చున్నాను."

మిచిరు ముక్కు తుడుచుకుని, కినుయే కాళ్ళ దగ్గరున్న మూటని తీసి షోకిచి ఒళ్ళో పెట్టి, ఇందాకటంత లోతుగా వంగింది. "ఇది మీదే. నన్ను క్షమించండి పెద్దాయనా."

"నాకు షుగరు తల్లీ" అన్నాడు షోకిచి, ముక్కు ఎగబీలుస్తూ. అని మూట మాత్రం వదల్లేదు.

"ఈ మాట నాతో కాదు చెప్పాల్సింది" అంది మిచిరు కినుయేతో, ఫోను తీస్తూ. "ఆయనతో చెప్పండి. ఇప్పుడే. నేను చెబితే మళ్ళీ ఊరడింపనుకుంటాడు."

"ఇప్పుడు కాదమ్మా."

"ఎందుక్కాదు? మళ్ళీ భయమా?"

"పైన పన్నెండు మంది ఉన్నారు. నేను ఏడుస్తూ ఫోను పట్టుకుంటే నీళ్ళని ఎవరు చూస్తారు? ఒకసారి తిప్పుకున్న కళ్ళు చాలు." కినుయే రేడియో అందుకుంది. ఆ రేడియోలో ఒకరు మాట్లాడితే అందరూ వింటారు. పైన మేస్త్రీ ఛాతీ మీద ఒకటి వేలాడుతూ ఉంటుంది, గట్టు మీద ఆఫీసులో ఒకటి, అవతలి స్తంభం దగ్గరి పడవలో ఒకటి. ఆ సంగతి ఆవిడకి తెలియంది కాదు. బొత్తాం నొక్కింది. "హిరోబే మేస్త్రీగారూ, చిదోరి మారు నుంచి. పని మళ్ళీ మొదలెట్టకండి. అందర్నీ పరంజా దింపెయ్యండి."

"ఏమైంది వదినా? గాలి లేస్తోందా?"

"గాలి కాదు. కాసేపు నేను కాపు కాయలేను."

"కారణం చెప్పు మరి, పుస్తకంలో రాయాలిగా."

షోకిచి ఇటు తిరిగి వద్దు వద్దని చేతులూపాడు. కినుయే చూడనట్టు ఊరుకుంది.

"రాసుకోండి. రియోహేయ్ పడిన రోజున షోకిచిగారు నిద్రపోలేదు. చూశారు, చెయ్యందించారు, పట్టుకున్నారు కూడా. ఎడమ అంచున ఉన్నాడని పడవ తిప్పేసింది నేను. ఆలస్యం నావల్ల. అబద్ధం కూడా నావల్లే. ఆ అబ్బాయితో ఈ మాట చెప్పాలి, అందుకు పని ఆపమంటున్నాను."

రేడియో గరగరలాడింది. అవతలి స్తంభం దగ్గరి పడవలోంచి ఎవరో గొంతు సవరించుకుని ఆగిపోయారు. చివరికి హిరోబే గొంతు వచ్చింది, పొడిగా.

"సరే. దిగుతున్నాం. మీరు స్తంభం దగ్గరికి పడవ తేనక్కర్లేదు కినుయేగారూ. మేం పైకెక్కి వంతెన మీద నడిచిపోతాం."

వదిన కాస్తా గారు అయిపోయింది. గట్టుకి వంతెన మీద నడకంటే దాదాపు గంట. ఆ పన్నెండు మందిలో మోకాళ్ళ నొప్పులవాళ్ళు ముగ్గురున్నారు. అయినా ఆవిడ పడవ ఎక్కరు. తప్పు వాళ్ళది కాదు, ఎక్కమని ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది! ఒక్కొక్కరే పరంజా వదిలి స్తంభానికున్న ఇనప మెట్ల మీదికి వచ్చారు. పన్నెండో మనిషి మెట్టు మీద కాలు పెట్టేదాకా కినుయే నీళ్ళ మీంచి చూపు తిప్పలేదు.

"నా చివరి రోజు కూడా నిద్రపోనివ్వలేదు కదే నువ్వు" అన్నాడు షోకిచి. కళ్ళు తుడుచుకుని వచ్చి చుక్కాని తను పట్టుకున్నాడు.

మిచిరు ఫోను కలిపి, అందరికీ వినబడేలా పెట్టి, మధ్యలో పట్టుకుంది. చాలాసేపు మోగింది. తరవాత ముద్ద ముద్దగా ఒక గొంతు.

"మిచిరూ... నువ్వేనా? ఒకటి చెప్పు."

"పెళ్ళిరోజున కంగారులో కుడి చెప్పు ఎడమకాలికి తొడుక్కుని ఫోటో దిగావు. ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు నేను. చాలా?"

"చాలు."

"ఇక్కడొకావిడ ఉంది. తెల్ల తువ్వాలు ఆవిడ. విను."

కినుయే చేతిలోని రేడియో గట్టిగా పట్టుకునే నోరు తెరిచింది. మూడు వారాలుగా కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "బాబూ, నేను చూశాను నిన్ను" అంది. "నీ పక్కకి వచ్చాను. నిన్ను చూశాను. చూసి పడవ తిప్పేశాను. నువ్వు కలగనలేదు నాయనా. అదంతా జరిగింది."

అవతల మొదలైంది ఏడుపు. ఎక్కడో తప్పిపోయిన పిల్లాడు ఇంటి గుమ్మం చూసినప్పుడు ఏడుస్తాడే, అలా ఏడ్చాడు. "జరిగింది... జరిగింది కదూ... నాకు పిచ్చి లేదు..."

"తిట్టు బాబూ. నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు, పడతాను."

"తిట్టనండీ. తరవాత తిడతానేమో. ఇప్పుడు కాదు." అతను ఊపిరి కూడదీసుకున్నాడు. మాట ఇందాకటి కంటే నెమ్మదిగా, ఒక్కొక్కటీ తడిమి చూసుకుంటున్నట్టు వచ్చింది. "పడవ నిజమైతే... అంతకు ముందుదీ నిజమే అన్నమాట. అదీ కల్పనే అనుకున్నాను. మిచిరుకి కూడా చెప్పలేదు."

"ఏంటది?" అంది మిచిరు.

"నేను కాలు జారలేదు. పైన మా పద్ధతేంటంటే, నడుం తాడు కొక్కెం ఎవరిది వాళ్ళు తగిలించుకున్నా, పక్కవాడు చెయ్యి పెట్టి ఒకసారి లాగి చూడాలి. గట్టిగా ఉందో లేదో. ఆ రోజు కూడా చెయ్యి వచ్చింది నా నడుం దగ్గరికి. నేను అటు తిరిగి బకెట్ అందుకుంటున్నాను. ఆ చెయ్యి లాగి చూళ్ళేదండీ. విప్పింది."

షోకిచి చుక్కాని వదిలేశాడు. కినుయేకి వేళ్ళన్నీ బిగుసుకుపోయాయి. "ఎవరి చెయ్యి నాయనా?" అని అడిగింది, ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుని.

అవతల రియోహేయ్ ఇంకా ఊపిరి తీసుకుంటున్నాడు. ఇవతల మిచిరు మాత్రం కినుయే మొహం వైపు కాకుండా చేతివైపు చూస్తూ తెల్లబోయింది. కినుయే కూడా వంగి చూసుకుంది. రేడియో ఆవిడ పిడికిట్లోనే ఉంది. బొత్తాం నొక్కే ఉంది.

తలెత్తింది. పైన ఇనప మెట్ల మీద, ఎక్కుతున్న పన్నెండు మందీ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి ఉన్నారు.